తెలుగు నోటికి స్పానిష్ మాటలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నిత్యం వాడే స్పానిష్ మాటలను నేర్చుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. వాటిలో ఇంటి సంగతులు, ఉద్యోగ సంగతులు ఉన్నందువల్ల రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నాకు అరవై ఏళ్ళు. మాది గుంటూరు జిల్లా. ప్రస్తుతం టెక్సాస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. పక్కింట్లో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దావిడదీ నా ఈడే. ఆవిడ మిరప, టమాటా మొక్కలు పెంచుతుంది, నేనూ పెంచుతాను. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం కావడంతో చూసి నవ్వుకోవడమే తప్ప మాటలు లేవు. మా మనవరాలు కొన్ని స్పానిష్ మాటలు ఇంగ్లీషు అక్షరాలలో రాసి ఇచ్చింది కానీ, నేను చదివితే ఆవిడకు అర్థం కావడం లేదు. వాటిని తెలుగు అక్షరాలలో రాసుకుని నేర్చుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. మీకు అంతకంటె మంచి దారి లేదని నా నమ్మకం. ఇంగ్లీషు అక్షరాలు చూడగానే మన నోరు ఇంగ్లీషు పలుకుబడికి సిద్ధపడుతుంది. టమాటాకు స్పానిష్ మాట "తొమాతె". దానిని ఇంగ్లీషు అక్షరాలలో చూస్తే మనం "ట" అంటాము. కానీ స్పానిష్‌లో ట, డ అనే ధ్వనులు లేవు. ఉన్నవి మన త, ద లకు దగ్గరివే, నాలుక పంటిని తాకి పుట్టేవే. ప, త, క లను ఇంగ్లీషువారు మాట మొదట్లో కొంచెం ఊపిరి కలిపి పలుకుతారు, స్పానిష్ వారు మనలాగే ఊపిరి కలపకుండా పలుకుతారు. ఇంగ్లీషువారికి ఏళ్ళ తరబడి కుదరని ఈ ధ్వనులు మీ నోట పుట్టినప్పటినుంచీ ఉన్నాయి. పైగా స్పానిష్‌లో చాలా మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి.

రాసుకునేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. మనకు ఉన్నట్టు హ్రస్వ దీర్ఘాల వల్ల అర్థం మారదు. అయితే ప్రతి మాటలోనూ ఒక అచ్చును ఊని పలుకుతారు, ఆ ఊనిక మారితే అర్థం మారిపోతుంది. ఊనిక ఉన్న చోట దీర్ఘం పెట్టి, మిగిలినవన్నీ పొట్టిగా రాసుకోండి. (ఈ జవాబులలో చాలా మాటల చివరి ఆ, ఓ లను మాత్రం మన అలవాటు కొద్దీ దీర్ఘంగానే రాశాను.) "పాప" అంటే మెక్సికోలో బంగాళాదుంప, "పపా" అంటే నాన్న. మాట చివర అచ్చు గానీ, న్ గానీ, స్ గానీ ఉంటే ఊనిక చివరి నుంచి రెండో అచ్చు మీద పడుతుంది. వేరే హల్లు ఉంటే చివరి అచ్చు మీద పడుతుంది. ఈ సూత్రం తప్పిన చోట స్పానిష్ వారే అచ్చు మీద చిన్న గీత గీసి చూపిస్తారు. ఇంత నిజాయితీ గల రాతపద్ధతి ఇంగ్లీషుకు లేదు.

రెండో సంగతి రకారం. స్పానిష్‌లో ర రెండు రకాలు. ఒకటి మన మామూలు ర. రెండోది నాలుక కొసను రెండు మూడుసార్లు అదిలించి పలికేది. మన బండి ఱ నేటి వాడుకలో ర తో కలిసిపోయింది గనుక, ఖాళీగా ఉన్న ఆ అక్షరాన్ని ఈ రెండో ధ్వనికి గుర్తుగా వాడుకోండి. "పేరో" అంటే "కానీ", "పేఱో" అంటే కుక్క. "కారో" అంటే ఖరీదైనది, "కాఱో" అంటే కారు. మాట మొదట వచ్చే ర ఎప్పుడూ బండి ఱ యే: బట్టలు "ఱోపా". ఇక వారి రాతలో హకారానికి గుర్తుగా మనకు తెలిసిన అక్షరాన్ని అసలు పలకరు, అందుకే పలకరింపు "ఓలా" అవుతుంది. హ ధ్వని వేరే అక్షరంతో వస్తుంది, వెల్లుల్లి "ఆహో". బ, వ లకు వారి రాతలో రెండు అక్షరాలున్నా పలుకు ఒక్కటే గనుక రెండింటికీ బ రాసుకోండి.

మీ ఇద్దరి మధ్య పెరడు ఉంది కాబట్టి మాటలు అక్కడే మొదలుపెట్టండి. మిరప "చీలె", టమాటా "తొమాతె", కొత్తిమీర "సిలాంత్రో", ఉల్లిపాయ "సెబోయా", గుమ్మడికాయ "కలబాసా", వంకాయ "బెరెన్హేనా". పుదీనాకు "యెర్బబ్వేనా" అనే చక్కని పేరుంది, విడదీస్తే మంచి ఆకు అని అర్థం. "చీలె", "తొమాతె" అనే మాటలు స్పెయిన్‌లో పుట్టినవి కావు, మెక్సికో ప్రాచీన భాష నహువాత్ల్ నుంచి స్పానిష్‌లోకి వచ్చినవి. మిరప కూడా అమెరికా ఖండాలలో పుట్టి, పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చింది. గుంటూరు మిరప పూర్వీకుల పుట్టిల్లు ఆ ఖండమే, కాబట్టి మీరు ఆవిడతో మొదట మాట్లాడవలసింది మిరపకాయ గురించే అనుకుంటాను.

ఆవిడను "బెసీనా" అని పిలవండి. పొరుగింటావిడ అని అర్థం. మనం పక్కింటావిడను వదినగారూ అని వరస కలిపి పిలిచినట్టు, అక్కడ ఈ మాటతోనే ఆప్యాయంగా పిలుచుకుంటారు. పొద్దున కనిపిస్తే "బ్వేనోస్ దీయాస్, బెసీనా" అనండి. కొన్నాళ్ళు పోయాక "కోమో అమనెసియో?" అని అడగండి. మీకు ఎలా తెల్లవారింది అని దాని అర్థం. పెద్దవారిని ఉదయాన్నే అలా కుశలం అడగడం మెక్సికోలో ఉన్న మర్యాద.

ప్రశ్న: నేను హనుమకొండలో ఇంజనీరింగ్ పూర్తి చేశాను. పై చదువుకు స్పెయిన్‌లోని వలెన్సియా నగరానికి వెళ్ళబోతున్నాను. ఫోనులో ఒక యాప్ పెట్టుకుని రోజుకు 20 మాటల చొప్పున నెల రోజులలో 600 మాటలు బట్టీపట్టాను. ఇప్పుడు చూసుకుంటే సగం కూడా గుర్తు రావడం లేదు. గుర్తున్నవాటికైనా ముందు "ఎల్" పెట్టాలో "లా" పెట్టాలో తెలియడం లేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

జవాబు: మీ కష్టంలో లోపం లేదు. మాటను ఒంటరిగా, దాని తోడు లేకుండా నేర్చుకోవడమే పొరపాటు. విద్యార్థిగా నేను కూడా ఇదే పని చేసి, దాదాపు ఒక ఏడాది చదువును మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాను కాబట్టి ఈ జవాబు కొంచెం విపులంగా రాస్తున్నాను.

స్పానిష్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. తెలుగులో బల్ల, కుర్చీ, తలుపు అన్నీ ఒకే గుంపులో చేరతాయి, హిందీలో మాత్రం వాటికీ లింగభేదం ఉంటుందని మీకు తెలుసు. స్పానిష్ ఆ విషయంలో హిందీ వంటిది. పుంలింగానికి ముందు "ఎల్", స్త్రీలింగానికి ముందు "లా" వస్తాయి. ఒకారంతో ముగిసేవి చాలావరకు పుంలింగం, అకారంతో ముగిసేవి చాలావరకు స్త్రీలింగం. కానీ చెయ్యి "లా మానో", రోజు "ఎల్ దీయా", సమస్య "ఎల్ ప్రొబ్లేమా". ఇటువంటివి సూత్రంతో రావు, చెవికి అలవాటు కావాలి. అందుకని బల్లను "మేసా" అని కాక "లామేసా" అని ఒకే మాటగా నేర్చుకోండి. "ఎల్", "లా" లను తరువాత అతికించుకుందాం అనుకుంటే అవి ఎన్నటికీ అతకవు. నీళ్ళకు ఉన్న "ఆగ్వా" మాత్రం ఊనిక ఉన్న అకారంతో మొదలవుతుంది గనుక, స్త్రీలింగమే అయినా "ఎల్ ఆగ్వా" అంటారు. చల్లని నీళ్ళు అన్నప్పుడు విశేషణం స్త్రీలింగంలోనే వచ్చి "ఎల్ ఆగ్వా ఫ్రీయా" అవుతుంది.

ఇక మరుపు సంగతి. 1885లో హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి ప్రచురించాడు. మొదటి గంటలలోనే మరుపు ఎక్కువగా జరుగుతుందనీ, మధ్యలో విరామాలు ఇస్తూ మళ్ళీ చదివితే నిలుస్తుందనీ ఆయన చూపించాడు. మీరు రోజుకు 20 కొత్త మాటలు చేర్చుకుంటూ పోయారు గానీ, నిన్నటివాటిని మొన్నటివాటిని పలకరించలేదు. రోజుకు 7 మాటలు చాలు. వాటిని ఆ రాత్రి ఒకసారి, మర్నాడు ఒకసారి, నాలుగో రోజు, పదో రోజు ఒక్కొక్కసారి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోండి. మూయకుండా మళ్ళీ చదవడం వల్ల తెలిసినట్టు అనిపిస్తుందే తప్ప, అవసరమైనప్పుడు మాట నోటికి రాదు.

అన్నిటికంటె ముఖ్యంగా, నామవాచకాల జాబితా కంటే ముందు కొన్ని క్రియారూపాలను పట్టుకోండి. "క్యేరో" (కావాలి), "తేంగో" (నా దగ్గర ఉంది), "ప్వేదో" (చేయగలను), "నెసెసీతో" (అవసరం), "అయ్" (ఉంది, ఉన్నాయి). వీటిలో మొదటి నాలుగింటికి ముందు "నేను" అని చెప్పవలసిన పనే లేదు. "వస్తాను" అన్నప్పుడు "ను" వల్లనే ఎవరో తెలిసినట్టు, స్పానిష్ క్రియలో చివరి అక్షరమే కర్తను చెబుతుంది. "అయ్ లేచె?" అంటే పాలున్నాయా అని. స్వరం పైకెత్తితే ప్రశ్న, దించితే జవాబు. నేర్చుకున్న ప్రతి కొత్త మాటనూ ఈ ఐదింటిలో ఒకదాని పక్కన పెట్టి వాక్యం చేయండి.

ఇంగ్లీషు మీదుగా చదివేవారిని ఎంతో తికమకపెట్టి, మనకు మాత్రం సహజంగా వచ్చే ఒక నిర్మాణం ఉంది. ఇష్టాన్ని చెప్పడానికి స్పానిష్‌లో "మె గుస్తా" అంటారు. "నాకు నచ్చుతుంది" అని దానికి సరిగ్గా అర్థం. "మె గుస్తా ఎల్ మాంగో" అంటే నాకు మామిడిపండు నచ్చుతుంది. పళ్ళు ఎక్కువైతే మనం నచ్చుతాయి అన్నట్టే వారు "మె గుస్తాన్ లోస్ మాంగోస్" అంటారు. "మె ద్వేలె లా కబేసా" అంటే నాకు తల నొప్పిగా ఉంది. "నేను" కర్తగా కాక "నాకు" అనే రూపంలో రావడం తెలుగువారికి వివరించనక్కరలేని సంగతి. తెలుగులో ఆలోచించి స్పానిష్‌లో చెప్పండి, మధ్యలో ఇంగ్లీషును దింపకండి.

వారాల పేర్లు కూడా అలాగే నేర్చుకోండి. లూనెస్ చంద్రుడిది, మార్తెస్ కుజుడిది, మియేర్కొలెస్ బుధుడిది, హ్వేబెస్ గురుడిది, బియేర్నెస్ శుక్రుడిది. సోమవారం నుంచి శుక్రవారం దాకా గ్రహాలు మన పంచాంగంతో ఒక్కటి కూడా తప్పకుండా కలుస్తాయి. శని, ఆదివారాలు మాత్రం మతసంప్రదాయం వల్ల "సాబదో", "దొమింగో" అయ్యాయి. ఈ ఏడు మాటలకూ బట్టీ అవసరం లేదు.

వలెన్సియా వెళ్ళేవారికి ఒక హెచ్చరిక. అక్కడ స్పానిష్‌తో పాటు వలెన్సియన్ కూడా అధికార భాష. వీధి పలకల మీద "కఱేర్" అని కనిపిస్తే అది వలెన్సియన్ మాట. స్పానిష్‌లో వీధి అంటే "కాయె". పలకల మీద చూసిన ప్రతి మాటనూ స్పానిష్ అనుకుని పుస్తకంలో ఎక్కించుకోకండి. "సింకో", "గ్రాసియాస్" వంటి మాటలలో సకారాన్ని స్పెయిన్‌లో ఎక్కువ మంది నాలుక కొసను పళ్ళ మధ్య ఉంచి పలుకుతారు. మీరు స అన్నా అందరికీ అర్థమవుతుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఒక భారతీయ భోజనశాల వంటగదిని చూసుకుంటాను. నాతో పనిచేసేవారిలో గ్వాటెమాలా, ఈక్వెడార్ దేశాలవారు ఎక్కువ. ఫోనులో చూసి నేర్చుకున్న మాటలతో పని జరుగుతోంది కానీ, వయసులో పెద్దవాడైన ఒక వంటాయన నా మాటకు నొచ్చుకుంటున్నాడని అనుమానంగా ఉంది. ఏం మార్చుకోవాలి?

జవాబు: మీకు ఆ అనుమానం కలగడమే మంచి లక్షణం. మీరు నేర్చుకున్నవి బహుశా "రా", "తే", "పెట్టు" అనే రూపాలు అయి ఉంటాయి. మనకు నువ్వు, మీరు ఉన్నట్టు స్పానిష్‌లో "తూ", "ఉస్తేద్" ఉన్నాయి, వాటికి తగినట్టు క్రియ మారుతుంది. "బెన్" అంటే రా, "బేంగా" అంటే రండి. ఇంగ్లీషులో ఈ తేడా లేదు కనుక ఇంగ్లీషు ద్వారా నేర్పేవారు దీనిని తరచుగా తేలికగా దాటిపోతారు. తండ్రి వయసువాడిని "నువ్వు" అంటే మన ఊళ్ళో ఎలా వినిపిస్తుందో మీకు చెప్పనవసరం లేదు. ఆయనతో ఉస్తేద్ రూపాలే వాడండి. పేరుకు ముందు "దోన్" చేర్చండి. స్త్రీలకైతే "దోఞా". మనం గారు అనే మాటను పేరు తరువాత చేర్చినట్టు, వారు దానిని పేరుకు ముందు చేరుస్తారు. ఇంటిపేరుకు కాక సొంత పేరుకే చేరుస్తారు.

పని చెప్పడానికి ఆజ్ఞ కంటే అడగడం మేలు. "మె అయూదా, పోర్ ఫబోర్?" అంటే నాకు సాయం చేస్తారా, దయచేసి అని. వంటగదిలో వెంటనే పనికి వచ్చే మాటలు: "కలియేంతె" (వేడి), "క్విదాదో" (జాగ్రత్త), "అత్రాస్" (వెనకాల), "లీస్తో" (సిద్ధం), "అఱోస్" (బియ్యం, అన్నం), "సాల్" (ఉప్పు), "కుచీయో" (కత్తి), "ఓయా" (గిన్నె, కుండ). ఎవరైనా తింటుంటే పక్కనుంచి వెళుతూ "బ్వేన్ ప్రొబేచో" అనండి. తిన్నది ఒంటబట్టాలని కోరే మాట అది.

ఇంగ్లీషుకు దగ్గరగా వినిపించే మాటలను నమ్మకండి. "సోపా" సబ్బు కాదు, పులుసులాగా తాగే సూపు. సబ్బు "హబోన్". "ఱోపా" తాడు కాదు, బట్టలు. "ఏక్సితో" బయటికి దారి కాదు, విజయం. దారికి "సలీదా" అంటారు. "ఎంబరసాదా" అంటే సిగ్గుపడిన స్త్రీ అనుకుని వాడేవారున్నారు, దాని అర్థం గర్భవతి.

ఇంకొక మాట. గ్వాటెమాలాలో కిచే వంటి మాయా భాషలు, ఈక్వెడార్‌లో కిచ్వా నేటికీ ఇళ్ళలో మాట్లాడుతున్నారు. మీ తోటివారిలో కొందరికి స్పానిష్ కూడా మీకు ఇంగ్లీషులాగా నేర్చుకున్న భాషే అయి ఉండవచ్చు. వారి ఇంటి భాష ఏదో అడిగి, అందులో నమస్కారం ఎలా చెబుతారో తెలుసుకోండి.

ప్రశ్న: మా మనవడు స్పానిష్ పాఠం చదువుతూ నారింజను "నరాన్హా" అన్నాడు. ఇది కాకతాళీయమా, లేక మన మాటకూ దానికీ చుట్టరికం ఉందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

జవాబు: చుట్టరికం ఉంది. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, అక్కడినుంచి స్పానిష్‌లోకి ఆ మాట చేరింది. దాని మూలం ద్రావిడ భాషలలోనే ఉందని పలువురు పండితుల అభిప్రాయం. 711లో అరబ్బులు, ఉత్తర ఆఫ్రికా ముస్లిములు స్పెయిన్‌లో అడుగుపెట్టారు, 1492లో గ్రనాదా రాజ్యం పడిపోయేదాకా అక్కడ ఏదో ఒక భాగంలో ముస్లిముల పాలన సాగింది. ఆ కాలంలో పంటలతో, ఆటలతో, మందులతో పాటు మాటలూ వెళ్ళాయి. శర్కర అరబ్బీ మీదుగా "అసూకార్" అయింది, కర్పూరం "అల్కన్ఫోర్" అయింది, చదరంగం "అహెద్రేస్" అయింది. ఇలా వచ్చిన చాలా మాటల ముందు వినిపించే "అ", "అల్", ఇంగ్లీషు "ది" వంటి అరబ్బీ ఉపపదం మిగిల్చిన గుర్తు.

అంకెల చుట్టరికం ఇంకా పాతది. స్పానిష్‌కు తల్లి అయిన లాటిన్, సంస్కృతం ఒకే భాషాకుటుంబానివి. తెలుగు ఆ కుటుంబానిది కాకపోయినా సంస్కృత పదాలు మన వాడుకలో ఉన్నాయి కదా. దోస్ పక్కన ద్వి, త్రేస్ పక్కన త్రి, సియేతె పక్కన సప్త, ఓచో పక్కన అష్ట, న్వేబె పక్కన నవ, దియేస్ పక్కన దశ పెట్టి చూపించండి. అష్టమి, నవమి, దశమి తెలిసిన పిల్లవాడికి 8, 9, 10 వెంటనే పట్టుబడతాయి. అలాగే దంతం "దియేంతె", నామం "నోంబ్రె", నావ "నాబె". బొత్తాం, ఇస్త్రీ వంటివి మాత్రం మనకు స్పానిష్ నుంచి కాక దాని సోదరి అయిన పోర్చుగీసు నుంచి వచ్చాయి. స్పానిష్‌లో వాటి తోబుట్టువులు "బొతోన్", సాగదీయడమనే అర్థం గల "ఎస్తిరార్". సపోటాను మాత్రం నహువాత్ల్ నుంచి తీసుకుని లోకానికి అందించింది స్పానిష్ భాషే. మీ మనవడికి ఈ మాటలు ఒక్కొక్కటిగా, పండో వస్తువో చేతికిచ్చి చెప్పండి.

ప్రశ్న: స్పెయిన్ మాటలు నేర్చుకోవాలా, మెక్సికో మాటలు నేర్చుకోవాలా? రెండు పుస్తకాలలో రెండు రకాలుగా ఉన్నాయి. (అనంతపురం)

జవాబు: మీరు ఎవరితో మాట్లాడబోతున్నారో వారి మాటలు నేర్చుకోండి. స్పానిష్ 20 దేశాలకు అధికార భాష. నమస్కారాలు, అంకెలు, వారాలు, శరీరభాగాలు, ముఖ్యమైన క్రియలు అన్ని చోట్లా ఒకటే. తేడా వచ్చేది కూరగాయలు, వాహనాలు, ఇంటి వస్తువుల దగ్గర. బస్సు స్పెయిన్‌లో "ఔతొబూస్", మెక్సికోలో తరచు "కమియోన్", క్యూబాలో "గ్వాగ్వా". ఫోను స్పెయిన్‌లో "మోబిల్", అమెరికా ఖండాలలో "సెలులార్". "తొర్తీయా" అడిగితే మెక్సికోలో రొట్టె పెడతారు, స్పెయిన్‌లో బంగాళాదుంపలతో వేసిన గుడ్డు అట్టు పెడతారు.

మీ జిల్లా పంటనే తీసుకోండి. కోస్తాలో వేరుశనగ, తెలంగాణలో పల్లీలు, మీ వైపు చెనిక్కాయలు. అదే గింజ మెక్సికోలో "కకావాతె", స్పెయిన్‌లో "కకావేతె", దక్షిణ అమెరికాలో చాలా చోట్ల "మనీ". మొదటి రెండూ నహువాత్ల్ మాట నుంచి వచ్చాయి, ఆ మాటకు నేలలో కాచే కకావ్ (చాక్లెట్ తయారుచేసే) గింజ అని అర్థం. మన పూర్వులు నేల కింద కాచే ఈ శనగను చూసి వేరుశనగ అన్నారు. సముద్రాలకు ఆవల ఉన్న రైతులు కూడా దానిని అలాగే చూశారు, అలాగే పేరు పెట్టారు.